శాటిలైట్ రేడియో చందా: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి దండగ

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెబుతాను, తర్వాత చదివేవాళ్ళకు కూడా సంగతి తెలుస్తుంది. మీరు డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నారు. కొత్త టొయోటా కొన్నారు. దాంతో పాటు వచ్చిన సిరియస్ ఎక్స్ఎమ్ (ఉపగ్రహం నుంచి నేరుగా కారుకు వచ్చే రేడియో సేవ) మూడు నెలల ఉచిత గడువు త్వరలో అయిపోతుంది. కొనసాగించమని ఉత్తరాలు, ఫోన్లు వస్తున్నాయి. రోజూ ఆఫీసుకు రానూ పోనూ గంట పైనే డ్రైవింగ్. వేసవిలో అమ్మానాన్నలు వస్తే కార్లోనే వయోమింగ్ రాష్ట్రంలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకు తీసుకెళ్ళాలని ఉంది. కట్టాలా, మానాలా అని అడిగారు. తెలుగు పాటలు వస్తాయా అని కూడా అడిగారు.

నా జవాబు ఇది. ఆఫీసు ప్రయాణం కోసమైతే కట్టొద్దు. ఎల్లోస్టోన్ ప్రయాణం పడే నెలకు మాత్రం తీసుకోండి, అదీ ఆఫర్ ధరకే. బోర్డు మీద రాసిన పూర్తి ధర మీలాంటి వాడకానికి ఎప్పుడూ కట్టనక్కర్లేదు. "ఫోన్ ఉండగా ఇంకా రేడియో ఏమిటి" అని చాలామంది ఒక్క మాటతో కొట్టిపారేస్తారు గానీ, ఆ మాట ఫ్రిస్కోలో నిజం, వయోమింగ్‌లో కాదు. ఆ తేడా తెలియకుండా కట్టేవాళ్ళూ నష్టపోతున్నారు, మానేసేవాళ్ళూ నష్టపోతున్నారు.

నేను మిషిగన్‌లో కార్ల రేడియో రిసీవర్లను రోడ్డు మీద పరీక్షించే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. సిగ్నల్ ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ తెగుతుంది, ఎందుకు తెగుతుంది అని చూడటమే మా పని. అందుకని మొదట సిగ్నల్ సంగతి చెబుతాను. డబ్బు లెక్కంతా దాని మీదే నిలబడి ఉంది.

ఈ రేడియో 2320 నుంచి 2345 మెగాహెర్ట్జ్ మధ్య వస్తుంది. ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. అమెరికాలో ఎక్కడ నుంచి చూసినా అవి దక్షిణం వైపే కనిపిస్తాయి. డాలస్‌లో ఆకాశంలో 50 డిగ్రీలకు కాస్త తక్కువ ఎత్తున ఉంటాయి, ఉత్తరానికి వెళ్ళేకొద్దీ ఇంకా కిందికి దిగుతాయి. మీ కారు పైకప్పు మీదున్న షార్క్ ఫిన్ యాంటెన్నాకు ఆ దక్షిణపు ఆకాశం కనిపిస్తే చాలు, దగ్గర్లో టవర్ ఉందా లేదా అన్న ప్రశ్నే లేదు.

ఇందులో నాకు ఇప్పటికీ ముచ్చటేసే ఏర్పాటు ఒకటుంది. 2001లో ఎక్స్ఎమ్ సంస్థ (తర్వాత సిరియస్‌తో కలిసి సిరియస్ ఎక్స్ఎమ్ అయింది) తెచ్చిన పద్ధతిలో ఒకే కార్యక్రమాన్ని రెండు ఉపగ్రహాలు పంపుతాయి, అయితే రెండోది దాదాపు నాలుగు సెకన్లు ఆలస్యంగా పంపుతుంది. రిసీవర్ రెండింటినీ పట్టుకుని దాచుకుంటూ ఉంటుంది. మీరు ఓవర్‌పాస్ కింద దూరిన ఆ ఒకటి రెండు సెకన్లలో పోయిన ముక్క, ఆలస్యంగా వచ్చే రెండో దాంట్లో దొరుకుతుంది. అందుకే హైవే మీద వంతెన తర్వాత వంతెన వస్తున్నా పాట తెగదు. పెద్ద ఊళ్ళ డౌన్‌టౌన్లలో, ఎత్తు భవనాలు ఆకాశాన్ని మూసేసే చోట, నేల మీద రిపీటర్లు పెట్టి ఆ సిగ్నల్‌నే మళ్ళీ పంపుతారు.

మరి తెగేది ఎక్కడ? పొడవాటి సొరంగాల్లో, భూగర్భ పార్కింగ్‌లో, దక్షిణం వైపు కొండ అడ్డుగా ఉన్న లోయల్లో, చెట్లు రెండు వైపులా కమ్ముకున్న దారుల్లో. వాన కురిసి ఆకులు తడిసి ఉంటే ఇంకొంచెం ఎక్కువ తెగుతుంది, నీరు ఈ ఫ్రీక్వెన్సీని మింగేస్తుంది కాబట్టి. హవాయి ప్రయాణానికి దీన్ని లెక్కలో పెట్టుకోకండి, ఇది ప్రధానంగా అమెరికా ప్రధాన భూభాగంలోని 48 రాష్ట్రాలకూ కెనడాకూ అమర్చినది.

ఇప్పుడు ఫోన్ సంగతి. నెవాడాలో ఐ-80 మీద ఊరికీ ఊరికీ మధ్య, అదే రాష్ట్రంలో యూఎస్-50 మీద, వయోమింగ్ పచ్చిక మైదానాల్లో, పశ్చిమ టెక్సస్‌లో బిగ్ బెండ్ వైపు ఒకసారి నడిపితే అర్థమవుతుంది. ఫోన్ కంపెనీ మ్యాపులో రంగు నిండుగానే ఉంటుంది. రోడ్డు మీద మాత్రం పాట గిరగిర తిరుగుతూ ఆగిపోతుంది, ఎఫ్ఎమ్ గరగరమంటుంది. అక్కడ కూడా ఆగకుండా మాట్లాడేది శాటిలైట్ రేడియో ఒక్కటే. నెలనెలా మీరు కట్టే డబ్బు అసలు దీనికి. ఛానళ్ళ జాబితా ఎంత పొడుగ్గా ఉన్నా అది రెండో విషయం.

ఇక్కడ టెస్లా వాళ్ళకు ఒక ముక్క, మనవాళ్ళలో చాలామంది దగ్గర ఆ కారే ఉంది కాబట్టి. మోడల్ 3, మోడల్ వైలలో ఉపగ్రహ రిసీవర్ లేదు. 2024 డిసెంబర్ అప్‌డేట్‌తో వాటిలో సిరియస్ ఎక్స్ఎమ్ వచ్చింది గానీ, అది ఇంటర్నెట్ మీదుగా వచ్చేదే. ఫోన్ సిగ్నల్ పోయిన చోట అదీ పోతుంది. అంటే చందా కట్టినా అసలు ప్రయోజనం మీకు దక్కదు. ఆ కార్లకు నేనైతే దీన్ని సిఫారసు చెయ్యను. వేరే కంపెనీల కొత్త కార్లలో 360ఎల్ అనే రకం వస్తోంది. అందులో ఉపగ్రహమూ ఉంటుంది, ఇంటర్నెట్టూ ఉంటుంది. కొన్ని ఛానళ్ళు ఇంటర్నెట్ ఉంటేనే పలుకుతాయి, కాబట్టి ఊరు దాటాక జాబితా చిన్నదైపోతే కంగారు పడకండి, రేడియో చెడిపోలేదు.

"ఇప్పుడు ఫోన్లకే శాటిలైట్ వస్తోంది కదా" అని అడుగుతారు. ఐఫోన్ 14 నుంచి అత్యవసర సందేశాలు ఉపగ్రహం ద్వారా పంపవచ్చు. 2025 జులైలో టీ-మొబైల్ స్టార్‌లింక్ ఉపగ్రహాలతో టెక్స్ట్ సందేశాల సేవ మొదలుపెట్టింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అవి చాలా విలువైనవి, ఏర్పాటు చేసుకునే బయల్దేరండి. కానీ వాటి మీద గంటల తరబడి పాటలు వినే రోజు ఇంకా రాలేదు.

సరే, ఫ్రిస్కోకు వద్దాం. మీరు రోజూ తిరిగే దారిలో ఫోన్ సిగ్నల్ ఎక్కడా పోదు. పాట 128 కిలోబిట్ల నాణ్యతతో వింటే గంటకు 58 మెగాబైట్లు ఖర్చవుతుంది. నెలకు 22 పనిదినాలు, రోజుకు గంటన్నర వేసుకున్నా రెండు గిగాబైట్లు దాటదు. మీ ఫోన్ ప్లాన్‌లో అది లెక్కలోకి కూడా రాదు. పైగా ధ్వని విషయంలో కూడా ఫోనే మేలు. ఉపగ్రహానికి ఇచ్చిన కాస్త బ్యాండ్‌లో వందకు పైగా ఛానళ్ళను కుదించి పంపాలి కాబట్టి పాట పలచబడుతుంది. మాటల కార్యక్రమాల్లో తెలియదు గానీ, వీణ తీగ మోగి సన్నగిల్లే చోటా, తాళాల మోత దగ్గరా చెవికి ఇట్టే పట్టేస్తుంది. కర్ణాటక సంగీతం అలవాటైన చెవికి మరీ.

తెలుగు పాటలా? సిరియస్ ఎక్స్ఎమ్‌లో తెలుగు ఛానల్ లేదు. మీరు తెలుగు వినడానికే ఆలోచిస్తుంటే ఇక్కడితో ఆపేయొచ్చు. ప్రసార భారతి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం, తిరుపతి, కడప ఆకాశవాణి కేంద్రాలు ఉచితంగా వస్తాయి. సమయాల తేడా మాత్రం గుర్తుంచుకోండి. వేసవిలో డాలస్‌లో ఉదయం 8 అయితే ఇండియాలో సాయంత్రం 6:30. కాబట్టి మీరు ఆఫీసుకు వెళ్ళేటప్పుడు అక్కడి సాయంత్రపు కార్యక్రమాలు హాయిగా వినొచ్చు. ఇంటికి తిరిగొచ్చే 5:30కు అక్కడ తెల్లవారుజాము 4, చాలా కేంద్రాలు అప్పటికి ఇంకా మొదలు కావు. ఆ పూటకు తెలుగువన్ వారి టోరి లాంటి ఇంటర్నెట్ రేడియో ఉంది, లేదా మీకు నచ్చిన పాటల యాప్ ఉంది. నెలకు పన్నెండు పద్నాలుగు డాలర్లతో పాటల యాప్ తీసుకుంటే మీ ఇంట్లో, వ్యాయామంలో, వంటింట్లో కూడా పనికొస్తుంది. కారుకు మాత్రమే పరిమితమైన దానికంటే ఆ డబ్బు బాగా ఉపయోగపడుతుంది.

ఛానళ్ళ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ సేవలో పాటల కంటే మాటలకే విలువ ఎక్కువ. అమెరికన్ ఫుట్‌బాల్, బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, హాకీ ఆటల ప్రత్యక్ష వ్యాఖ్యానాలు, టీవీ వార్తా ఛానళ్ళ ధ్వని, బీబీసీ వరల్డ్ సర్వీస్, హాస్యం, చర్చలు, ఇవే జనాన్ని పట్టి ఉంచుతున్నాయి. 2006 జనవరిలో హోవార్డ్ స్టెర్న్ అనే రేడియో వ్యాఖ్యాత ఎఫ్ఎమ్ వదిలి సిరియస్‌కు మారినప్పుడు ఆయన కోసమే రేడియో కొన్నవాళ్ళు లక్షల్లో ఉన్నారు. ఐదేళ్ళకు 50 కోట్ల డాలర్ల ఒప్పందం అది. ఇలా ఏదో ఒక గొంతు కోసం, ఒక ఆట కోసం వెతుక్కునేవాళ్ళకే చందా గిడుతుంది.

మీకు అలాంటిదేమైనా ఉందా అని ఆలోచించండి. డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టు ఆటలే కావాలంటే మీ ఊళ్ళో 105.3 ఎఫ్ఎమ్‌లో ఉచితంగా వస్తాయి. ఎన్పీఆర్ (జాతీయ పబ్లిక్ రేడియో) వార్తలు కావాలంటే కేరా 90.1 ఎఫ్ఎమ్ ఉంది. మీరు చదువుకున్న రోజులు పిట్స్‌బర్గ్‌లోనో సియాటిల్‌లోనో గడిచి, ఆ జట్టు మీద ఇంకా ప్రాణం ఉంటే అప్పుడు మాట వేరు. వేరే ఊరి జట్టును సొంత ఊరి వ్యాఖ్యాతల గొంతుతో కార్లో వినడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. పిల్లలుంటే కిడ్స్ ప్లేస్ లైవ్ అనే ఛానల్ ఒకటుంది, దూర ప్రయాణంలో వెనక సీటు ప్రశాంతంగా ఉంటుంది. అది నిజంగా పనికొచ్చే సంగతి.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ఇది దేశమంతటికీ ఒకటే ప్రసారం. మీ కౌంటీలో టొర్నాడో దిగుతోందన్న వార్త శాటిలైట్ పాటల ఛానల్లో వస్తుందని అనుకోవద్దు. ఉత్తర టెక్సస్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఆకాశం రంగు మారితే వెంటనే స్థానిక ఎఫ్ఎమ్‌కు మారండి. ఫోన్‌లో అత్యవసర అలర్ట్లు ఆపి ఉంచకండి. 162 మెగాహెర్ట్జ్ దగ్గర వాతావరణ శాఖ సొంత రేడియో ఉంది, దాని రిసీవర్ ఒకటి ఇంట్లో పెట్టుకోవడం మంచిది. దానికి చందా ఉండదు.

ఇక డబ్బు. ప్యాకేజీని బట్టి ధర మారుతుంది, లెక్క కోసం నెలకు 20 డాలర్లు అనుకుందాం. బిల్లులో ఇంకా ఒకటి కలుస్తుంది, యూఎస్ మ్యూజిక్ రాయల్టీ ఫీ అని. ఇది ప్రభుత్వ పన్ను కాదు. కంపెనీ తన ఖర్చును విడిగా చూపించి వసూలు చేసే రుసుము. పాటలున్న ప్యాకేజీ మీద ఇది 20 శాతం పైనే ఉంటుంది. దీని వెనక కథ ఏమిటంటే, అమెరికాలో ఎఫ్ఎమ్ స్టేషన్లు పాట రాసినవాళ్ళకు డబ్బు కడతాయి గానీ పాడినవాళ్ళకు, రికార్డు కంపెనీకి కట్టనక్కర్లేదు. శాటిలైట్ రేడియో కట్టాలి. ఆ రేటును కాపీరైట్ రాయల్టీ బోర్డు నిర్ణయిస్తుంది. 2018 నుంచి 2027 దాకా రాబడిలో 15.5 శాతం. కళాకారులకు డబ్బు అందడం న్యాయమే, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ ప్రకటనలో 20 అని చూసి కట్టడానికి సిద్ధపడినవాడికి బిల్లులో 24 దాటి కనిపిస్తుంది. ఏడాదికి 290 డాలర్లు. అమ్మకపు పన్ను ఉన్న చోట ఇంకొంచెం.

అసలు మెలిక ఇక్కడుంది. ఆ పూర్తి ధర కట్టేవాళ్ళు ఎక్కువగా ఆఫర్ గడువు అయిపోయిందని గమనించనివాళ్ళే. మానేస్తామని చెప్పిన వెంటనే మూడో వంతు ధరకు, కొన్నిసార్లు నాలుగో వంతుకే ఆరు నెలలకో ఏడాదికో ఇస్తామంటారు. అలా ఇవ్వగలుగుతున్నారంటే కారణం తేలికే, ఉపగ్రహం ఎలాగూ పైన తిరుగుతోంది, ఇంకో కారు విన్నంత మాత్రాన వాళ్ళకు పెద్దగా అదనపు ఖర్చు పడదు. కాబట్టి బేరం చెయ్యడానికి మొహమాటపడకండి. బేరం చేసిన ధరకు పైన చెప్పిన రుసుము కూడా అదే లెక్కన తగ్గుతుంది. మొత్తం ఎంత పడుతుందో రుసుములతో కలిపి చెప్పమనండి, ఆఫర్ ఏ తేదీకి ముగుస్తుందో, ఆ తర్వాత ఎంత అవుతుందో అడిగి రాసుకోండి. కంపెనీ వెబ్‌సైటులోని చాట్‌లో అడిగితే అదే మీకు రికార్డు.

ఇంట్లో రెండు కార్లుంటే ఇంకో సంగతి. చందా మనిషికి కాదు, రేడియోకు. రెండో కారుకు విడిగా కట్టాలి, తగ్గింపు ఉన్నా సరే. భార్యాభర్తలిద్దరూ వేర్వేరు కార్లలో ఆఫీసుకు వెళ్ళే మన ఇళ్ళల్లో ఈ లెక్క చూసుకోకుండా రెండూ కొనసాగించేవాళ్ళు చాలామంది ఉన్నారు. దూర ప్రయాణాలకు వాడే కారు ఏదో ఒకటే ఉంటుంది కదా, దానికి ఉంచుకుంటే చాలు.

మానేయడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అక్కడే చిక్కుకుంటారు. ఉచిత గడువులో మీరు కార్డు నంబరు ఇవ్వకపోతే ఏ గొడవా లేదు. గడువు అయిపోగానే ఛానళ్ళు ఆగిపోతాయి, అంతే. ఇంటికి వచ్చే ఉత్తరాలు బిల్లులు కావు, ఆహ్వానాలు. కార్డు ఇచ్చి ఉంటే మాత్రం మీరు ఆపేదాకా తనంతట తానే కొనసాగుతుంది. 2014లో 45 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ కలిసి బిల్లింగ్, క్యాన్సిలేషన్ పద్ధతుల మీద ఈ కంపెనీతో 38 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకున్నాయి. 2023 డిసెంబర్‌లో న్యూయార్క్ అటార్నీ జనరల్ మళ్ళీ దావా వేశారు. మానేయాలంటే ఏజెంటుతో సుదీర్ఘంగా మాట్లాడక తప్పని పద్ధతి ఫెడరల్ చట్టానికి విరుద్ధమని 2024 నవంబర్‌లో అక్కడి కోర్టు చెప్పింది. చేరినంత సులువుగా మానేసే వీలు దేశమంతా ఉండాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన నిబంధనను 2025 జులైలో అప్పీలు కోర్టు కొట్టేసింది. కాబట్టి హక్కు విషయంలో రాష్ట్రానికీ రాష్ట్రానికీ తేడా ఉంది. ఉదాహరణకు ఆన్‌లైన్‌లో చేరినవాళ్ళు ఆన్‌లైన్‌లోనే మానేసే వీలు కాలిఫోర్నియా చట్టం ఇస్తుంది.

మీరు చెయ్యాల్సింది ఇది. ఆఫర్ ముగిసే తేదీకి వారం ముందు ఫోన్ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఆ రోజు చాట్ తెరిచి, మానేస్తున్నామని ఒక్క వాక్యం రాయండి. కారణం అడుగుతారు, చెప్పాల్సిన పనిలేదు. ఒక ఆఫర్ చెబుతారు, అవసరం లేకపోతే "వద్దండి, క్యాన్సిల్ చెయ్యండి" అని మర్యాదగానే రెండోసారి అనండి. అవతల మాట్లాడేది జీతం మీద పనిచేసే మనిషి, కోప్పడి లాభం లేదు. కన్ఫర్మేషన్ నంబరు వచ్చేదాకా చాట్ విండో మూయకండి. వచ్చే నెల కార్డు స్టేట్‌మెంట్ ఒకసారి చూసుకోండి.

ఏడాదికో, మూడేళ్ళకో ఒకేసారి కడితే చవక అంటారు. నేను అలా కట్టవద్దంటాను. దీనికి మన ఊళ్ళోనే ఒక కారణం ఉంది. హైదరాబాద్, విజయవాడలలో 2000ల నాటి శ్రోతలకు వరల్డ్‌స్పేస్ గుర్తుండే ఉంటుంది. 2000 మార్చిలో ఏషియాస్టార్ ఉపగ్రహం ఎగిరింది. కిటికీ దగ్గర చిన్న పలక లాంటి యాంటెన్నాను ఉపగ్రహం వైపు తిప్పి పెట్టుకుంటే, ప్రకటనల గోల లేకుండా తెలుగుకు స్పందన, కర్ణాటక సంగీతానికి శ్రుతి, హిందుస్తానీకి గంధర్వ్ వినిపించేవి. అంత శ్రద్ధగా పాటలు ఎంచి వేసిన తెలుగు ఛానల్ మళ్ళీ రాలేదని నేను నమ్ముతాను. తెల్లవారుజామున శ్రుతి పెట్టుకుని పనులు మొదలుపెట్టిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. కానీ నగరాల్లో నేల మీద రిపీటర్లు లేవు, కార్లలోకి అది చేరలేకపోయింది. ప్రైవేటు ఎఫ్ఎమ్‌లు వచ్చాయి, జేబులో ఫోన్లే పాటలు పాడటం మొదలుపెట్టాయి. 2008 అక్టోబర్‌లో అమెరికాలో మాతృసంస్థ దివాలా పిటిషన్ వేసింది, 2009 డిసెంబర్ 31తో ఇండియాలో ప్రసారాలు ఆగిపోయాయి. ముందుగా కట్టినవాళ్ళ మిగిలిన నెలలు అలాగే పోయాయి.

సిరియస్ ఎక్స్ఎమ్ పరిస్థితి దానికి చాలా దూరం. రెండు పోటీ సంస్థలు 2008లో ఒకటయ్యాయి, కార్ల ఫ్యాక్టరీల్లోనే రిసీవర్ బిగించి పంపుతారు, మూడు కోట్లకు పైగా చందాదారులున్నారు. 2024 డిసెంబర్‌లో ఒకటి, 2025 జూన్‌లో ఇంకొకటి కొత్త ఉపగ్రహాలను కూడా పంపారు. కాబట్టి రేపో ఎల్లుండో మూతపడుతుందన్న భయం లేదు. అయినా మీ అవసరం నెలల్లో ఉన్నప్పుడు ఏళ్ళకు కట్టడం ఎందుకు? కారు మారొచ్చు, ఊరు మారొచ్చు, వీసా పని మీద ఇండియా వెళ్ళి కొన్నాళ్ళు ఉండిపోవాల్సి రావొచ్చు. ఆన్‌లైన్‌లో "లైఫ్‌టైమ్ చందా ఉన్న రేడియో" అని అమ్మకానికి పెట్టేవాటి జోలికి కూడా వెళ్ళకండి. ఆ లైఫ్‌టైమ్ ఎవరి పేరు మీద ఉందో, మీకు మారుతుందో లేదో కొన్నాక గానీ తేలదు.

పూర్తి మనసుతో కట్టమని నేను చెప్పేవాళ్ళు కొందరున్నారు. మిడ్‌ల్యాండ్, ఒడెస్సా చమురు క్షేత్రాల పని మీద తరచూ తిరిగే ఇంజనీర్లు, లబ్బాక్ నుంచి ఎల్ పాసో వైపు నడిపేవాళ్ళు, పల్లె ఆసుపత్రుల మధ్య డ్యూటీ చేసే డాక్టర్లు, నర్సులు, ట్రక్కు నడిపేవాళ్ళు, కెనడాలో లేక్ సుపీరియర్ ఉత్తరపు ఒడ్డున ట్రాన్స్ కెనడా హైవే మీద ప్రయాణించేవాళ్ళు. ఒంటరిగా, రాత్రిపూట, సిగ్నల్ లేని దారిలో, కళ్ళు మూతలు పడుతున్నప్పుడు ఒక మనిషి గొంతు వినిపిస్తూ ఉండటం భద్రతకు సంబంధించిన విషయం. నిద్ర వస్తే ఆగి పడుకోవడమే సరైన పని, రేడియో దానికి బదులు కాదు. కానీ మెలకువగా ఉన్న మనిషి మెలకువ నిలవడానికి అది సాయపడుతుంది. వాళ్ళకు నెలకు ఏడెనిమిది డాలర్ల ఆఫర్ ధర ఎక్కువేమీ కాదు.

ఇక మీ ఎల్లోస్టోన్. ఫ్రిస్కో నుంచి చాలామంది వెళ్ళే దారి విచిటా ఫాల్స్, అమరిల్లో మీదుగా న్యూమెక్సికోలో రాటన్, అక్కడి నుంచి ఐ-25 పట్టుకుని డెన్వర్, షయెన్, క్యాస్పర్, ఆపై షొషోని, థర్మోపోలిస్, కోడీ. డెన్వర్ చుట్టుపక్కల తప్పిస్తే అమరిల్లో దాటాక ఫోన్ వస్తూ పోతూ ఉంటుంది, క్యాస్పర్ దాటాక మరీ. శాటిలైట్ రేడియో దాదాపు అంతటా పలుకుతుంది. షొషోని, థర్మోపోలిస్ మధ్య విండ్ రివర్ లోయలో మాత్రం రెండు వైపులా రాతిగోడలు నిలువునా లేచి ఉంటాయి, అక్కడ తెగితే ఆశ్చర్యపోకండి. అక్కడ రేడియో ఆపేసి అద్దాలు దించండి, అమ్మానాన్నలు నది చప్పుడు వింటారు. ఎల్లోస్టోన్ లోపల ఓల్డ్ ఫెయిత్‌ఫుల్, మామత్, కాన్యన్ లాంటి కొన్ని చోట్ల తప్ప ఫోన్ పనిచెయ్యదు. ఉపగ్రహం అక్కడి నుంచి 40 డిగ్రీల లోపే కనిపిస్తుంది, పైన్ చెట్ల నడుమ మధ్యమధ్యలో తెగుతుంది, మైదానాల్లోకి రాగానే మళ్ళీ వస్తుంది.

బయల్దేరడానికి నాలుగైదు రోజుల ముందు ఆఫర్ అడిగి చేరండి. కొన్ని సెలవుల సమయంలో చందా లేని రేడియోలకు కూడా కొన్ని రోజులు ఉచితంగా తెరుస్తారు, అది మీ తేదీలకు కలిసొస్తే కట్టనే అక్కర్లేదు. రేడియోను సున్నా ఛానల్‌కు తిప్పితే దాని ఐడీ కనిపిస్తుంది, చేరేటప్పుడు అదే అడుగుతారు. చేరాక కారును గ్యారేజీ నుంచి బయటికి తీసి, ఆకాశం కనిపించే చోట రేడియో ఆన్ చేసి కాసేపు ఉంచండి. ఛానళ్ళు తెరుచుకోకపోతే వెబ్‌సైటులో రిఫ్రెష్ నొక్కండి. అమ్మానాన్నల కోసం త్యాగరాజ కీర్తనలో, పాత సినిమా పాటలో, హరికథలో ఏవి ఇష్టమో ముందే అడిగి ఫోన్‌లోకి దింపుకోండి, మ్యాపులు కూడా ఆఫ్‌లైన్‌లో దింపుకోండి. పగలు వాళ్ళ పాటలు, రాత్రి వాళ్ళు నిద్రపోయాక మీకు మెలకువకు రేడియో. తిరిగి ఫ్రిస్కో చేరిన వారంలోపు చాట్ తెరిచి మానేయండి. మళ్ళీ దూర ప్రయాణం పడ్డప్పుడు మళ్ళీ చేరొచ్చు, రేడియో కార్లోనే ఉంటుంది, ఆఫర్లు కూడా ఇంటికి వస్తూనే ఉంటాయి.